కూడలిలో నిలిచిన సహోదరుడు: 'హోటల్ రువాండా' చలనచిత్రంపై ఒక వేదాంత విమర్శ

టెర్రీ జార్జ్ దర్శకత్వంలో 2004లో వెలువడిన 'హోటల్ రువాండా', జాతిహననమనే అంశాన్ని సామాన్య ప్రేక్షకుని ముందుకు తెచ్చిన చిత్రాలలో ముఖ్యమైనది. క్రైస్తవ నీతిశాస్త్రం బోధించేవారూ, యౌవనస్థుల కూటములు నడిపేవారూ ఈ విషయంపై అవగాహన కలిగించాలనుకున్నప్పుడు తరచు దీనినే ఎంచుకొంటారు. మేము కూడా తరగతిలో ప్రదర్శించాము. చిత్రం ముగిశాక విద్యార్థులు చాలాసేపు మాట్లాడలేకపోవడం, మాట్లాడడం మొదలుపెట్టాక ముందుగా ఐక్యరాజ్యసమితినీ, ఆ తరువాత పాశ్చాత్య దేశాలనూ నిందించడం చూశాము. ఆ నింద న్యాయమైనదే. కాని రేపు సంఘ కాపరులు కాబోతున్నవారు ఈ చిత్రం చూచి సంఘం గురించి ఒక్క మాటా అడగకుండా లేచిపోతున్నారంటే, లోపం వారిలోనే ఉన్నదా, చిత్రంలో కూడా ఉన్నదా అని ఆలోచించవలసి వచ్చింది. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

చిత్రంలో మెచ్చుకోదగినది ఎంతో ఉంది. 1994 ఏప్రిల్ 6వ తేదీ రాత్రి అధ్యక్షుడు హబ్యారిమానా ప్రయాణిస్తున్న విమానం కూల్చివేయబడింది. మరునాటి నుండి జూలై మధ్య వరకు, అంటే సుమారు 100 దినములలో, ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం దాదాపు 8 లక్షలమంది చంపబడ్డారు. రువాండా ప్రభుత్వ లెక్క 10 లక్షలు దాటుతుంది. చనిపోయినవారిలో అత్యధికులు టుట్సీలు. వారిని అప్పగించడానికి ఒప్పుకోని హుటూలు కూడా ఉన్నారు. ఇంత పెద్ద సంఖ్యను మనసు పట్టుకోలేదు. కనుక దర్శకుడు కిగాలి నగరంలోని మిల్ కొలీన్ హోటలును, అందులో తలదాచుకొన్న 1,268 మందిని, వారిని కాపాడడానికి తంటాలు పడే పౌల్ రుసెసబగీనా అనే మేనేజరును ఎన్నుకొన్నాడు. రేడియోలో పొరుగువారిని బొద్దింకలని పిలిచే గొంతు, రోడ్డుకు అడ్డంగా కట్టెలు పెట్టి గుర్తింపు కార్డులు అడిగే కుర్రాళ్ళు, 'జాతిహననం' అనే మాట నోట రాకుండా జాగ్రత్తపడే అమెరికా అధికార ప్రతినిధి, ఇవన్నీ చరిత్రకు లోబడినవే. శాంతిసేనను సుమారు 2,500 నుండి 270 మందికి కుదించాలని భద్రతామండలి 1994 ఏప్రిల్ 21న, హత్యలు ముమ్మరంగా సాగుతుండగానే తీర్మానించింది. చిత్రంలో సైనికాధికారి ముఖంలో కనిపించే సిగ్గు ఆ తీర్మానానిదే.

కథానాయకుని విషయంలో వివాదమున్నదని పాఠకులకు తెలిసేవుంటుంది. హోటల్లో బ్రతికి బయటపడినవారిలో కొందరు చిత్రం చూపిన పౌల్‌ను అంగీకరించరు. ఆయన తరువాత రువాండా ప్రభుత్వానికి విరోధి అయ్యాడు. 2021లో అక్కడి న్యాయస్థానం ఉగ్రవాద నేరంపై 25 సంవత్సరాల శిక్ష విధించగా, 2023 మార్చిలో విడుదలయ్యాడు. ఆ విచారణ న్యాయంగా జరగలేదని చాలామంది అన్నారు. మా విమర్శ దానిమీద ఆధారపడదు. ఆయన చిత్రంలో చూపినంత మంచివాడే అనుకొందాం. అప్పుడు కూడా చిత్రంలో రెండు ఖాళీలు మిగిలే ఉంటాయి. ఒకటి ఆలయం, రెండవది సరిహద్దు.

ఆలయంలో ఏమి జరిగింది?

1991 జనాభా లెక్కల ప్రకారం రువాండాలో నూటికి దాదాపు 90 మంది క్రైస్తవులు. పెద్ద భాగం కతోలికులు, తక్కినవారు ప్రొటెస్టెంట్లు, అడ్వెంటిస్టులు. రాజైన ముటారా రుదహిగ్వా 1943లో బాప్తిస్మం పొంది, 1946లో దేశాన్ని క్రీస్తు రాజుకు ప్రతిష్ఠించాడు. మన ఉజ్జీవ కూటములలో ఎంతో గౌరవంతో చెప్పుకొనే తూర్పు ఆఫ్రికా ఉజ్జీవం 1930ల దశాబ్దంలో రాజుకొన్నది కూడా ఈ దేశంలోని గహీని మిషన్ ఆసుపత్రి దగ్గరే. డాక్టర్ జో చర్చ్ పేరు ఆ విధంగానే ప్రసిద్ధికెక్కింది. పాపములు బాహాటంగా ఒప్పుకోవడం, జాతిభేదం మరచి ఒకరినొకరు కౌగిలించుకోవడం ఆ ఉజ్జీవపు గురుతులు. దేశమంతా మారుమనస్సు పొందాలనీ, పాలకులు ప్రభువును ఎరుగాలనీ ప్రార్థించే మనకు, ఆ ప్రార్థనకు జవాబు దొరికినట్టు కనబడిన దేశం ఇది. ఇంత ముఖ్యమైన సంగతి చిత్రంలో లేదు.

మరొక సంగతి ఇంకా బాధాకరమైనది. 1959 తరువాత జరిగిన దాడులలో టుట్సీలు ఆలయాలలోకి పరుగెత్తారు. చాలాచోట్ల తరిమినవారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆ జ్ఞాపకంతోనే 1994లో కూడా వేలాదిమంది పరుపులు, వంటపాత్రలు, పిల్లలను తీసుకొని ఆలయాలకు చేరారు. ఈసారి గుమ్మం ఎవరినీ ఆపలేదు. న్తరామా, న్యమాతా, న్యరుబుయే ఆలయాల పేర్లు నేడు స్మారక స్థలాల పేర్లు. న్యమాతా ఆలయాన్ని యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. న్యాంగే గ్రామంలో ఆలయాన్ని బుల్డోజరుతో లోపలివారిమీదనే కూల్చారు. అక్కడి గురువు అథనాస్ సెరోంబాకు అంతర్జాతీయ న్యాయస్థానం 2006లో 15 సంవత్సరాల శిక్ష వేయగా, 2008లో అప్పీలు విచారణలో అది యావజ్జీవ శిక్ష అయింది. యోవాబు బలిపీఠపు కొమ్ములు పట్టుకొన్నచోటనే చంపబడిన సంగతి (1 రాజులు 2:28-34) మనము ప్రసంగించేటప్పుడు అది న్యాయమైన శిక్షేనని సమాధానపరచుకొంటాము. న్యాంగేలో పిల్లలు ఏ నేరానికి బలిపీఠం దగ్గరకు పరుగెత్తారు?

ముగొనేరో అడ్వెంటిస్టు ప్రాంగణంలో ఆలయం, ఆసుపత్రి ఉండేవి. అక్కడ చేరినవారిలో ఏడుగురు పాస్టర్లు ఏప్రిల్ 15న తమ పై అధ్యక్షుడైన పాస్టర్ ఎలిజఫాన్ న్తకిరుతిమానాకు ఉత్తరం వ్రాశారు. రేపు కుటుంబాలతో సహా చంపబడబోతున్నామని విన్నామనీ, తమ పక్షాన అధికారితో మాట్లాడమనీ, ఎస్తేరు వలన యూదులు తప్పించబడినట్టు ఈ మందను తప్పించమనీ వారు కోరారు. మరునాడు దాడి జరిగింది. ఫిలిప్ గౌరెవిచ్ 1998లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథానికి పేరు ఈ ఉత్తరం నుండే వచ్చింది. ఆ ఉత్తరపు ప్రతిని గ్రంథకర్తకు అందించినది మరెవరో కాదు, అమెరికాలో ఉన్న ఆ పాస్టరే. తాను వెళ్ళి అధికారిని అడిగానని, ఫలితం లేకపోయిందని ఆయన చెప్పుకొన్నాడు. జాతిహననానికి సహకరించిన నేరం రుజువై 2003లో ఆయనకు 10 సంవత్సరాల శిక్ష పడింది. ఆసుపత్రిలో వైద్యుడైన కుమారునికి 25 సంవత్సరాలు.

ఆ ఏడుగురి ఉత్తరాన్ని మన విద్యార్థులు నెమ్మదిగా చదవాలని మా కోరిక. వారు తమ కాపరిని తుపాకి పట్టమనలేదు. ఎస్తేరు గ్రంథమే ఎత్తి చూపారు. అంటే లేఖనం రాజు ముందు ఏమి చేయమంటుందో వ్రాసినవారికీ తెలుసు, అందుకొన్నవానికీ తెలుసు. పాండిత్యానికి అక్కడ కొరత లేదు.

'హోటల్ రువాండా'లో సంఘం ఒకేచోట కనిపిస్తుంది. వర్షంలో ఒక గురువు, కొందరు సన్యాసినులు అనాథ పిల్లలతో హోటలుకు వస్తారు. విదేశీయులను బస్సు ఎక్కించి రువాండావారిని వెనుకకు నెడతారు. దృశ్యం గుండె పిండుతుంది. కాని సంఘమంటే కాపాడాలని వచ్చి ఓడిపోయిన మంచివారని అది నేర్పుతుంది. 2005లో వచ్చిన 'షూటింగ్ డాగ్స్' ఈ విషయంలో మరికొంత ధైర్యం చూపింది. శాంతిసైనికులు 1994 ఏప్రిల్ 11న విడిచివెళ్ళిన కతోలిక పాఠశాలను ఆ చిత్రం కథాస్థలంగా తీసుకొంది. అక్కడకూడా వీరుడు తెల్లజాతి గురువే. చంపినవారు ఎవరి బిడ్డలు, ఎవరి సభ్యులు, ఎక్కడ ప్రభువు బల్లలో పాలుపొందినవారు అనే ప్రశ్నను రెండు చిత్రాలూ తాకవు.

ఆదికాండము 9, 10 అధ్యాయాలకు ఏమి జరిగింది?

టుట్సీ, హుటూ భేదాన్ని చిత్రం ఒక బార్ సంభాషణలో ముగిస్తుంది. బెల్జియంవారు ముక్కు పొడవు కొలిచి విడదీశారని ఒక పాత్ర చెబుతుంది. ఇది సగం నిజం. ఒకే భాష మాట్లాడుతూ, ఒకే కొండమీద కలిసి జీవించేవారి మధ్య ఈ తేడా ముందునుండీ ఉంది, కాని అది కొంతవరకు మారగలిగిన సామాజిక స్థితి. 1930ల దశాబ్దంలో ప్రతివాని చేతికి జాతి పేరున్న గుర్తింపు కార్డు ఇచ్చిన తరువాత అది మారరానిదయింది. ఆ కార్డు వెనుక ఒక సిద్ధాంతం ఉంది, ఆ సిద్ధాంతం వెనుక మన బైబిలు ఉంది. వేదాంత విద్యార్థి ఆగవలసిన స్థలం ఇదే.

నోవహు శాపం హాముమీద కాదు, కనానుమీద అని వచనం స్పష్టంగా చెబుతుంది (ఆది. 9:25). అయినా శతాబ్దాల తరబడి ఆఫ్రికావారి దాస్యానికి హాము శాపమే ఆధారమని బోధించారు. 19వ శతాబ్దంలో ఈ వ్యాఖ్యానం తలక్రిందులయింది. ఆఫ్రికాలో ఏదైనా మంచి పరిపాలన కనబడితే అది నల్లవారిది కాజాలదనీ, ఉత్తరాదినుండి దిగివచ్చిన హాము సంతతివారు తెచ్చినదనీ ఐరోపా పండితులు అన్నారు. యాత్రికుడు జాన్ హానింగ్ స్పీక్ 1863లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రాంతపు రాజవంశాలు ఇథియోపియా దిక్కునుండి వచ్చాయని వ్రాశాడు. మిషనరీలు దానిని రువాండాకు తెచ్చి టుట్సీలకు అంటించారు. టుట్సీలు పుట్టుకతోనే పాలకులని నమ్మిన బిషప్ లియోన్ క్లాస్, టుట్సీ నాయకులను తొలగించవద్దని వలస ప్రభుత్వానికి గట్టిగా సలహా ఇచ్చాడు. 1950ల చివర గాలి మారింది. మిషనరీలలో పలువురు హుటూల పక్షానికి వచ్చారు. పక్షం మారింది కాని సిద్ధాంతం మారలేదు. టుట్సీలు బయటివారన్న మాట ఇప్పుడు గౌరవం కాదు, నేరం. 1992 నవంబరులో లియోన్ ముగెసేరా అనే నాయకుడు ఒక సభలో టుట్సీలను న్యబరోంగో నది మీదుగా ఇథియోపియాకు పంపివేస్తామని అర్థం వచ్చేలా ప్రసంగించాడు. 1994లో ఆ నదిలో శవాలు కొట్టుకొనిపోయి కగేరా ద్వారా విక్టోరియా సరస్సుకు చేరాయి. ఆదికాండములోని ఒక వంశావళికి పట్టిన గతి ఇది.

తప్పుడు వ్యాఖ్యానం ఒక్కటే మనుష్యులను చంపిందని మేము చెప్పడంలేదు. భూమి కొరత, కాఫీ ధర పడిపోవడం, 1990లో మొదలైన యుద్ధం, అధికారం పోతుందన్న పాలకుల భయం, ఇవన్నీ కలిశాయి. అయితే సంఘం పాలకుల సరసన ఎంతకాలం కూర్చున్నదో మరువరాదు. కిగాలి ఆర్చిబిషప్ ఏళ్ళ తరబడి అధికార పార్టీ కేంద్ర సంఘ సభ్యుడు. తిమోతి లాంగ్‌మన్ 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మాకు చిత్రాలన్నిటికంటె ఎక్కువ నేర్పింది. ఆయన కిరిందా, బిగుహు అనే రెండు ప్రెస్బిటేరియన్ సంఘాలను జాతిహననానికి ముందే దగ్గరుండి పరిశీలించాడు. కిరిందాలో సంఘ పదవులు, ఆసుపత్రి ఉద్యోగాలు, ప్రభుత్వ అధికారం కొద్దిమంది పెద్దల చేతులలో పెనవేసుకొని ఉన్నాయి. అక్కడ సంఘ పెద్దలలోనే హంతకులు లేచారు. బిగుహులో సంఘం పేద రైతులతో పనిచేసింది. అక్కడ చంపడానికి ఎక్కువగా బయటివారు రావలసివచ్చింది. బిగుహులోను టుట్సీలు చనిపోయారు కనుక దీనిని విజయగాథగా చెప్పకూడదు. కాని మిషన్ ఆస్తులు, స్కూలు ఉద్యోగాలు, కమిటీ ఎన్నికల చుట్టూ కులాలవారీగా చీలే మన సంఘాల సంగతి తెలిసినవారికి కిరిందా అంత దూరపు ఊరుగా తోచదు.

బస్సు ఎక్కిన తరువాత

ఇక సరిహద్దు విషయం. చిత్రం చివర పౌల్ కుటుంబం శరణార్థుల శిబిరానికి చేరుతుంది, తప్పిపోయిన మేనకోడళ్ళు దొరుకుతారు, అందరూ టాంజానియా వెళ్ళే బస్సు వైపు నడుస్తారు. సంగీతం వినబడుతుంది. హంతకులను కాంగో సరిహద్దు దాటించారని తెరమీద అక్షరాలు వస్తాయి. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొంటాడు.

పాత తెలుగు పత్రికలలో శరణార్థికి 'కాందిశీకుడు' అనే మాట వాడేవారు. ఏ దిక్కుకు పోదునా అని దిక్కుతోచక పరుగెత్తేవాడని దాని వ్యుత్పత్తి. శరణార్థి ఎక్కడికో చేరినవాడు, కనీసం ఎవరినో అడుగుతున్నవాడు. కాందిశీకుడికి అడగడానికి కూడా ఎవరూ లేరు. 'హోటల్ రువాండా'కు తెలిసినది మొదటి మాట మాత్రమే.

నిజానికి కథ పలాయనంతోనే మొదలయింది. 1959నుండి లక్షల్లో టుట్సీలు ఉగాండా, బురుండి, కాంగో, టాంజానియాలకు పారిపోయారు. తిరిగి రానిమ్మని అడిగితే దేశంలో చోటు లేదన్నది హబ్యారిమానా ప్రభుత్వపు జవాబు. శిబిరాలలో పెరిగిన పిల్లలే 1987లో ఉగాండాలో రువాండా దేశభక్త కూటమిని స్థాపించి, 1990 అక్టోబరు 1న ఆయుధాలతో సరిహద్దు దాటారు. ఆ యుద్ధపు భయాన్నే రేడియో ఇంటింటికీ పంచింది. ముప్పది ఏళ్ళు వాయిదా వేయబడిన శరణార్థుల సమస్య జాతిహననానికి ఒక కారణమయింది. జాతిహననం మళ్ళీ శరణార్థులను పుట్టించింది. 1994 ఏప్రిల్ చివర రుసుమో వంతెన మీదుగా సుమారు 2,50,000 మంది ఒక్కరోజులో టాంజానియాలోకి నడిచారు. జూలై మధ్యలో నాలుగైదు దినాలలోనే 8 లక్షలకు పైగా జనం గోమా వైపు దాటారు. అగ్నిపర్వతపు రాతినేల, గొయ్యి తవ్వడానికి వీలులేదు, నీరు లేదు. కలరా, రక్తవిరేచనాలతో మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు.

వీరిలో చాలామంది హుటూలు. చంపినవారు, చంపినవారి భార్యలు, ఎవరినీ చంపనివారు, అప్పుడే పుట్టిన బిడ్డలు, అందరూ ఒకే వరుసలో గిన్నె పట్టుకొని నిలబడ్డారు. పాత సైన్యం, ఇంటరహాంవే ముఠాలు శిబిరాలను చేతిలో పెట్టుకొని, ఆహార పంపిణీని తామే నడిపి, తిరిగి వెళ్ళాలనుకొన్నవారిని బెదిరించాయి. హంతకులను వేరుచేయడానికి శరణార్థుల హైకమిషనర్ సదాకో ఒగాటా సైనిక సహాయం కోరితే దేశాలు ముందుకు రాలేదు. హంతకులకు అన్నం పెట్టలేమని 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ ఫ్రెంచి శాఖ 1994 నవంబరులో శిబిరాలు విడిచిపోయింది. తక్కిన సంస్థలలో చాలావరకు, ఆకలిగొన్న బిడ్డ తండ్రి నేరాన్ని బట్టి ఆకలి మానదని, ఉండిపోయాయి. ఎవరిది సరి? యెహోషువ 20, సంఖ్యాకాండము 35 అధ్యాయాలలో ఆశ్రయపురముల కట్టడను ఈ ప్రశ్నతో చదివినవారు మనలో తక్కువ. అక్కడ పారిపోయి వచ్చినవానిని పెద్దలు ముందు పట్టణంలోకి చేర్చుకొంటారు, చోటిస్తారు. తరువాత సమాజము ఎదుట విచారణ జరుగుతుంది. ఆశ్రయమూ న్యాయమూ ఒకే ఏర్పాటులోని రెండు భాగాలు. గోమాలో మొదటిది సగం దొరికింది, రెండవది అసలే దొరకలేదు.

దాని ఫలితం ఇంకా ముగియలేదు. 1995 ఏప్రిల్‌లో దేశంలోపలే కిబెహో శిబిరంలో కొత్త రువాండా సైన్యం నిరాశ్రయులైన హుటూలను వేల సంఖ్యలో చంపింది. 1996లో కాంగో శిబిరాలమీద దాడి జరిగింది. అడవులలోకి పారిపోయిన శరణార్థుల హత్యలను ఐక్యరాజ్యసమితి 2010లో నివేదికగా ప్రకటించింది. 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు పట్టుకొన్న నగరం ఆ గోమాయే. చిత్రంలో విమోచకులుగా కనిపించిన సైన్యానికి కూడా ఈ చరిత్రలో లెక్క అప్పగించవలసినది ఉంది. దీనివలన టుట్సీల జాతిహననం చిన్నదైపోదు. 'ఇరువైపులా చంపారు' అని చేతులు దులుపుకొనేవారు కిగాలి, గోమా రెండింటినీ తప్పించుకొంటారు.

తెలంగాణ పాఠకులకు శరణార్థి వార్తాపత్రికలోని మనిషి కాదు. మయన్మార్ నుండి తరమబడిన రోహింగ్యాలు కొన్నివేలమంది హైదరాబాదు శివార్లలో బాలాపూర్ పరిసరాల గుడిసెలలో జీవిస్తున్నారు. 2017 ఆగస్టు తరువాత 7 లక్షలకు పైగా బంగ్లాదేశ్ చేరినది కూడా ఆ జనమే. వారిపై జరిగినది జాతిహననమా అన్న వ్యాజ్యాన్ని గాంబియా 2019లో హేగ్ న్యాయస్థానానికి తెచ్చింది. 1951 శరణార్థుల ఒడంబడికలో మన దేశం చేరలేదు కనుక వీరి చేతిలోని ఐక్యరాజ్యసమితి కార్డు ఇక్కడ చట్టపరంగా ఎంత పనిచేస్తుందన్నది ఎప్పుడూ అనుమానమే. వారు ముస్లింలు. ఈ వాక్యం దగ్గర మన సంఘాలలో కొందరి ఆసక్తి తగ్గిపోతుందని మాకు తెలుసు. 1994లో గిసెన్యీ పట్టణంలో ఫెలిసితె నియితెగెకా అనే హుటూ కతోలిక స్త్రీ తన దగ్గర చేరిన టుట్సీలను విడిచి బయటికి రమ్మని సైన్యంలో ఉన్న తమ్ముడు కబురంపినా రాలేదు, వారితోనే చంపబడింది. ఆమె ఎవరి కార్డు చూడలేదు.

చిత్రాన్ని ప్రదర్శించవద్దని మేము అనడంలేదు. ప్రదర్శించండి. అయితే పొగమంచు దారిలో కాక, దానికి ముందు రోడ్డుకు అడ్డంగా కట్టెలు పెట్టి కార్డులు అడిగే దృశ్యం దగ్గర ఆపి దీపాలు వేయించండి. ఓబద్యా గ్రంథం తెరిపించండి. ఏకాధ్యాయ గ్రంథమని మనం పరీక్షకు తప్ప తెరవనిది అది. 11వ వచనంలో ఎదోము దూరంగా నిలిచి చూచాడు. 14వ వచనానికి వచ్చేసరికి అడ్డదారుల కూడలికి చేరి, తప్పించుకొనిపోయేవారిని పట్టి అప్పగిస్తున్నాడు. మధ్యలో ఉన్నవి రెండు వచనాలే. ప్రవక్త అతనిని శత్రువని పిలువలేదు, యాకోబు సహోదరుడనే పిలిచాడు. ఆ రెండు వచనాల మధ్య మీ సంఘం ఎక్కడ నిలిచి ఉన్నదో ఒక పుట వ్రాసి ఇవ్వమని విద్యార్థులను అడిగి, ఆ తరువాత చిత్రం మిగతా భాగం వేయండి.